వీరుడు విరిగిన చోటు
(పఠనమందిర సభయందు చేసిన ఉపన్యాసపాఠము)



అద్భుతకావ్యములలోని వీరమును, నీతిని, శీలమును గూర్చి మాటలాడుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. విషయము విశాలము, మాకిచ్చిన కాలము స్వల్పము. కావున లోకమందలి అద్భుతకథలనన్నింటిని చుట్టివచ్చుటకు బదులు ఒక్క గ్రంథమును, అందును ముఖ్యముగా ఒక్క ఘట్టమును మీ ముందుంచెదము. అది ఆంగ్లభాషలో టోల్కీన్ అను ఆచార్యుడు రచించిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. మీలో యువకులనేకులు దాని చలనచిత్రములను చూచియుందురు. చూచినవారును గ్రంథమును చదువవలెనని మా కోరిక. తెరమీద యుద్ధములకు దొరకినంత చోటు మనస్సుకు దొరకదు.

టోల్కీన్ 1892లో దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటీన్ పట్టణమున జన్మించి, ఇంగ్లండున పెరిగినవాడు. 1916లో ఫ్రాన్సుదేశమున సోమ్ నదీప్రాంతమందు జరిగిన ఘోరసంగ్రామమున సైనికాధికారిగా పనిచేసి, కందకములలో వ్యాపించిన జ్వరమునకు లోనై ఇంటికి చేరెను. ఆ సంవత్సరముననే ఆయన ప్రాణస్నేహితులలో ఇరువురు నేలకొరగిరి. పిదప ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1954, 1955 సంవత్సరములలో ఈ గ్రంథమును మూడు సంపుటములుగా వెలువరించెను. మంత్రములు, మాయలు నిండిన కథయని దీనిని తేలికగా త్రోసివేయువారు, మనుష్యుని యోర్పు ఎచ్చట తెగునో కన్నులార చూచినవాని వ్రాత యిదియని గుర్తుంచుకొనవలెను.

కథాసంగ్రహమిది. సౌరన్ అను దుష్టప్రభువు తన బలములో చాల భాగమును ఒక బంగారుటుంగరమున నిక్షేపించి, దానిని పోగొట్టుకొనెను. ఆ యుంగరము ఎవనిచేత చిక్కిన వానిని మెల్లమెల్లగా లోబరచుకొనును. దానిని నశింపజేయవలెనన్న అది పుట్టిన అగ్నిపర్వతగర్భముననే పడవేయవలెను. ఆ పర్వతము శత్రుదేశమునందున్నది. ఈ భారమును వహించినవాడు రాజు కాడు, యోధుడు కాడు. మనలో సగమెత్తుండి, తోటపనియు భోజనమును దప్ప వేరొకదానిని అంతగా తలపెట్టని హాబిట్ల జాతివాడు, ఫ్రోడో.

మన కథలలోని వీరులు సాధారణముగా ఏదో తెచ్చుటకు పోవుదురు. గరుత్మంతుడు అమృతమునకు, హనుమంతుడు ఓషధిపర్వతమునకు, భీముడు సౌగంధికమునకు పోయిరి. ఇచ్చట వీరుడు పారవేయుటకు పోవుచున్నాడు. చేతనున్నదానిని పారవేయుట తెచ్చుటకంటె సులభమని తోచును. కాని గాండల్ఫ్ అను మహామాంత్రికుడే, తనకిచ్చిన ఉంగరమును ముట్టనొల్లడు. దుర్బలులపై జాలితో, మేలు చేయవలెనను కోరికతో దానిని ధరించి, ఆ మేలుదారినే తాను క్రూరుడనగుదునని ఆయన భయము.

బోరొమిర్ కథ దేశసేవకు పూనినవారందరును చదువదగినది. అతడు దుర్జనుడు కాడు. అతని ప్రజలు తరతరములుగా రక్తము ధారవోసి ఇతరదేశములకు అడ్డుగా నిలిచిరి. శత్రువు పట్టణముపై బడనున్నాడు. వానిని కూల్చగల ఆయుధము చేయి చాచినంత దూరమున నున్నది. అట్టిదానిని అగ్నిలో వేయుట ఏమి వివేకమని అతడడుగును. ఆ పక్షమున వాదింపుమన్నచో మేము ఏ న్యాయస్థానముననైనను గట్టిగా వాదింపగలము. అందుచేతనే మాకు భయము. తుదకతడు ఆ చిన్నవానిపై బలవంతమునకు దిగెను. వెంటనే పశ్చాత్తప్తుడై, మరిద్దరు హాబిట్లను కాపాడబోయి బాణములకు గురియై, తన తప్పు నొప్పుకొని ప్రాణములు విడిచెను. అతని తమ్ముడు ఫరామిర్‌కును ఆ దేశమే, ఆ యాపదయే. అతడు ఉంగరమును మోయువానిని చేతజిక్కించుకొనియు పోనిచ్చెను.

ఇక అసలు ఘట్టము. ఆరు నెలలు నడచి, కత్తిపోటు, విషము, ఆకలి, దాహము అనుభవించి, కడపట అనుచరుడైన శామ్ వీపుపై మోయగా ఫ్రోడో ఆ పర్వతపుటంచును చేరెను. చేరి, ఉంగరమును పడవేయలేదు. అది తనదేనని వ్రేలికి తొడుగుకొనెను! వేయిపుటల పైచిలుకు కథకు ఫలితమిదియా యని పాఠకుడు దిగ్భ్రమ చెందును. అంతలో, చిరకాలము ఆ యుంగరమునకు దాసుడై భ్రష్టుడైన గొల్లమ్ అను దీనజీవి పైబడి, ఫ్రోడో వ్రేలిని కొరికి, ఉంగరముతోగూడ కాలుజారి అగ్నిలో పడెను. లోకము రక్షింపబడెను. వీరుడు రక్షింపలేదు.

ఫ్రోడోను సన్మానించుటకు బదులు ద్రోహిగా నెంచి మరణశిక్ష విధింపవలసినదని ఒక పాఠకుడు కోపించి గ్రంథకర్తకు జాబు వ్రాసెనట. ఆచార్యుడు తరువాతి లేఖలలో ఈ యభియోగమును గూర్చి పలుమారులు ఆలోచించెను. ఆ చోట ఆ యుంగరపు బలము ఎవనికిని తాళరానిదనియు, ఉన్నశక్తినంతయు వెచ్చించి అచ్చటివరకు తెచ్చినవానిది శీలలోపము కాదనియు ఆయన యభిప్రాయము.

మేమా పక్షముననే వకాలతు పుచ్చుకొందుము. మా వృత్తిలో ఒక నియమము కలదు. బెదరించిగాని, ఆశచూపిగాని రప్పించిన యొప్పుకోలు ముద్దాయిపై చెల్లదు. 1872 నాటి సాక్ష్యచట్టము అట్లు చెప్పెను. దాని స్థానమున 2024లో అమలునకు వచ్చిన చట్టమును అట్లే చెప్పుచున్నది. మనుష్యుని నోట వచ్చిన ప్రతిమాటయు వాని మాట కాదని శాసనమే యెరుగును.

మరి ధర్మరాజు మాటయేమని మీరడుగవచ్చును. అశ్వత్థామ విషయమున ఆయన పలికిన యసత్యమును భారతము దాచలేదు. అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచుచుండిన రథము ఆ క్షణమున నేలకు దిగినది. ఐనను ఈ రెండును ఒకటి కావు. ధర్మజుడు తెలిసి, తూచి, జయముకొరకు పలికెను. ఫ్రోడోకు తూచుటకు శక్తియే మిగులలేదు. మొదటిదానికి శిక్ష కలదు. రెండవదానికి వైద్యము కావలెను.

ఐనచో లోకమును రక్షించినదెవరు? గొల్లమ్ ఆనాటివరకు ఏల బ్రతికియుండెను? డెబ్బదియేండ్లకు పైబడిన కాలమునకు ముందు, ఫ్రోడో పెంపుడుతండ్రివంటి బిల్బో, కొండగుహలోని చీకటిలో వానిని చంపగలిగియు జాలిచే విడిచెను. పిదప ఫ్రోడోయు విడిచెను. కడపట, వానిని మొదటినుండియు ద్వేషించుచుండిన శామ్ కూడ పర్వతపార్శ్వమున కత్తి దించెను. ఎవరును ఫలమును లెక్కించి విడువలేదు.

ఇచ్చట ఒక పాఠాంతరము కలదు. న్యాయవాదులకు పాఠాంతరములపై మక్కువ యెక్కువ, క్షమింపవలెను. బిల్బో కథ 1937లో 'ది హాబిట్' అను పిల్లల పుస్తకముగా వెలువడినపుడు అందీ జాలి లేదు. పందెమోడిన గొల్లమ్ సామముగానే దారి చూపెను. పెద్ద గ్రంథమును వ్రాయుచుండగా పూర్వకథ చాలదని తోచి, గ్రంథకర్త ఆ ప్రకరణమును మార్చెను. మార్పు 1951 ముద్రణమున అచ్చయ్యెను. కథకంతటికి మూలస్తంభమైన జాలి మొదట కథలోనే లేదు!

జాలి యెల్లప్పుడును గెలుచునని ఈ గ్రంథము చెప్పదు. కొండమెట్లపై ఫ్రోడో నిద్రించుచుండగా గొల్లమ్ వచ్చి, పశ్చాత్తాపముతో వాని మోకాలిని మెల్లగా తాకును. ఆ క్షణమున వాడు మారియుండెడివాడు. అప్పుడే మేల్కొనిన శామ్ యజమానిపై ప్రేమచేతనే వానిని కసరికొనెను. ఆ క్షణము మరల రాలేదు. మంచివాని ఒక్క పరుషవాక్యము వానికి చివరి తలుపును మూసినది. గ్రంథమందు యుద్ధములకంటె మాకు ఎక్కువ దుఃఖము కలిగించునది ఈ ఘట్టము.

లోపమును చెప్పక పోరాదు. ఓర్కులను ఒక జాతినంతటిని దుష్టులుగా చిత్రించి, వారిని చంపుటకు ఎవరికిని సంకోచము లేకుండ చేయుట మాకు మింగుడు పడలేదు. గ్రంథకర్తకును పడలేదని ఆయన అనంతరరచనలు తెలుపుచున్నవి. శత్రుపక్షమున పోరి చచ్చిన దక్షిణదేశపు సైనికుని చూచి, వీడు నిజముగా చెడ్డవాడా, ఏ యబద్ధములు వీనిని ఇంటినుండి ఇంతదూరము తెచ్చినవో యని శామ్ తలంచుట ఒకచోట కలదు. అట్టి తలంపు ఓర్కుకొరకు ఎచ్చటను రాదు.

ఫ్రోడో ఇల్లు చేరునప్పటికి స్వగ్రామసీమ దుండగుల పాలైయున్నది. మిత్రులు కత్తులు దూసి సీమను విడిపించిరి. అతడు కత్తి దూయక, లొంగినవారిని చంపవలదని అడ్డుపడుచు తిరిగెను. సీమవారు మిత్రులను మెచ్చిరి. ఫ్రోడో చేసినదేమో వారు గ్రహింపనే లేదు. గాయములు ఆయా తిథులకు మరల సలుపుచుండెను. దాదాపు రెండేండ్లు ఓర్చి, అతడు పడమటి రేవున నావ నెక్కిపోయెను. శామ్ రేవునుండి చీకటిపడువేళకు ఇల్లు చేరెను. దీపము వెలుగుచున్నది, భోజనము సిద్ధముగా నున్నది. భార్య అతనిని కుర్చీలో కూర్చుండబెట్టి, పసిబిడ్డను ఒడిలో నుంచెను.