బండి కదలకపోతే ముందు చిలుము చూడండి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది ఇళ్ళ ముందు ఇంకా మారుతి 800 ఉంది. 2014లో దాని తయారీ ఆగిపోయింది కనుక ఆ బళ్ళన్నీ పదేళ్ళు దాటినవే. వారానికోసారి గుడికో, బజారుకో తీస్తాము. కాని దాని అసలు అవసరం అర్ధరాత్రి ఆసుపత్రికి పోవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంటుంది. మర్నాడు మెకానిక్ వచ్చి “బ్యాటరీ పోయిందండీ, కొత్తది వెయ్యాలి” అంటాడు. నా మనవి ఒక్కటే: పెన్షను సొమ్ము వేలల్లో ఖర్చుపెట్టే ముందు బ్యాటరీ టెర్మినళ్ళు చూడండి.

అక్కడ తెల్లగానో, నీలిపచ్చగానో చిలుము పేరుకొని ఉంటే కరెంటుకు అదే అడ్డు. యాసిడ్ ఆవిరి తగిలి సీసం, రాగి తినివేయబడడం వల్ల అది ఏర్పడుతుంది. హెడ్‌లైటు ఒక్కొక్కటి సుమారు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. స్టార్టరుకు దాదాపు 100, ఒక్కోసారి అంతకు మించి కావాలి. అందుకే లైట్లు వెలిగినా ఇంజను తిరగదు. చిన్న కాగితాలు కదిలి, పెద్ద ఫైలు బల్ల మీదే ఆగిపోయినట్లన్నమాట!

శుభ్రం చేయడానికి ఒక వరుస ఉంది. ఇంజను ఆపి తాళం తీయండి. ఉంగరం, గడియారం తీసి, కళ్ళజోడు, రబ్బరు తొడుగులు పెట్టుకోండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కనుక సిగరెట్టు, అగ్గిపుల్ల దగ్గరకు రానీయవద్దు.

ముందు మైనస్ తీగ, తర్వాతే ప్లస్ విప్పాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానరు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. బ్యాటరీ మూతలు బిగించి ఉన్నాయని చూసుకొని, గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి కొద్దికొద్దిగా పోయండి. నురగ వస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. కదలకుండా బిగించి పైన వాజిలిన్ పూయండి.

నెల తిరక్కుండా మళ్ళీ చిలుము పడితే, ఇంజను నడుస్తుండగా వోల్టేజి కొలిపించండి. 14.5 దాటితే ఛార్జింగు ఎక్కువవుతున్నట్లే. శుభ్రం చేసి, బాగా ఛార్జి చేసినా బండి కదలకపోతే, అప్పుడు బ్యాటరీని పరీక్ష చేయించి మార్చండి.

వంగలేనివారు మెకానిక్ చేతనే చేయించండి, పక్కన నిలబడి వరుస మాత్రం చూడండి. బతికే ఉన్నామని మనం ఏటేటా సర్టిఫికెట్టు ఇస్తున్నాము కదా, బండి సంగతి కూడా మూడు నెలలకోసారి చూసుకుందాము.