విహారమునకు అందరును రావలెను



ఖోపోలీ సమీపమున 2013లో ప్రారంభమైన ఇమాజికా వినోదవనమునకు కుటుంబసమేతముగా వెళ్ళవలెనని మన పిల్లలు కోరుచున్నారు. కోరిక న్యాయమైనదే. ఇరుకు చాళ్ళలో పెరుగు బిడ్డలకు ఒక్కనాడైనను విశాలమైన ఆటస్థలము కావలెను.

అయితే అన్ని ఇండ్ల సంపాదన సమానము కాదు. గతసారి టిక్కెట్టు ధర వినగానే "అబ్బాయికి జ్వరము" అని ఒక కుటుంబము తప్పుకొన్నది. జ్వరము లేదని మేము ఆలస్యముగా గ్రహించి సిగ్గుపడితిమి.

కావున ఈసారి తలకింత అని వసూలు చేయము. ఇంటింటికి పేరు లేని కవరు నిత్తుము. తోచినంత ఉంచి, మూసి, సంఘపు పెట్టెలో వేయుడు. తక్కువైన సొమ్మును మావంటి వర్తకులు భరింతుము. అప్పటికిని చాలనిచో, నడిచి పోదగిన బైకుల్లా రాణీబాగుకే అందరము పోదము. 2016లో అక్కడికి తెచ్చిన పెంగ్విను పక్షులను చూతము. బుధవారము సెలవు గనుక ఆ దినము తప్పింతము.

ఎక్కడికి పోయినను ఆనాడు తల్లులు వేకువనే లేచి పులిహోర కలుపనక్కరలేదు. భోజనపు ఖర్చును లెక్కలో చేర్చితిమి. పెద్ద ఆటలకు పిల్లల ఎత్తు కొలుతురు. ఎక్కలేని పసివారికి, వృద్ధులకు తోడుండుటకు యువకులు వంతులు వేసికొనవలెను.

మన పూర్వులు రాళ్ళు మోసి ఈ నగరపు కట్టడములను లేపిరి. బస్సు కదలునపుడు వారి సంతతిలో ఒక్క బిడ్డయు కిటికీవద్ద నిలిచి చూచుచుండరాదు.