పశువులకు వచ్చు కుంటు: దానిని గుర్తించుట, మాన్పుట



ఎద్దు బలము మెడలో నున్నదని పలువురు తలంతురు. కాని కాడి లాగు బరువంతయు తుదకు మోయునవి నాలుగు గిట్టలే. తొలకరి పడి, విత్తునకు అదను కుదిరిన వారములో జతలో నొకటి కుంటినచో రెండవది యుండియు లేనట్లే. పాడిపశువు కుంటినచో మేత తగ్గును, పాలు తగ్గును, ఎదకు వచ్చుట ఆలస్యమగును. మొదటి దినమున చూచినచో సులభముగా మానునది, పదిదినములు ఉపేక్షించినచో తీరని అవిటితనమగును.

గుర్తించు విధము

కొట్టములో నున్నప్పుడే కొన్ని గుఱుతులు కానవచ్చును. పశువు ఒక కాలిపై బరువు మోపక నిలుచును, వీపు విల్లువలె వంచును, అధికకాలము పరుండును. పిమ్మట దానిని గట్టినేలపై, పగ్గము వదులుగా పట్టి, మెల్లగా నడిపించవలెను. ముందుకాలికి బాధ యున్నచో ఆ కాలు నేల మోపునప్పుడు తల పైకెత్తును. మంచికాలు మోపునప్పుడు తల దించును. బాధ వెనుకకాలికైనచో ఆ వైపు తుంటి రెండవదానికంటె హెచ్చుగా ఎగసి పడును.

కాలు తెలిసిన పిమ్మట గిట్టనుండి పైకి వెదకవలెను. పశువుల కుంటులో అధికభాగము గిట్టలలోనే పుట్టును. గిట్ట కడిగి, చీలికనడుమ ముల్లు, రాయి, మేకు ఉన్నవేమో చూడవలెను. చేతితో తాకి, జతకాలితో పోల్చి, వేడిమిని, వాపును కనిపెట్టవలెను.

చేయవలసిన పనులు

ముల్లు, రాయి సులభముగా వచ్చునదైనచో తీసివేసి, పుండు కడిగి, పశువును పొడినేలపై కట్టి విశ్రాంతి నీయవలెను. మేకు లోతుగా దిగినచో తీయుటకు పశువైద్యునే పిలువవలెను. బురదలో నానిన గిట్టల నడుమ చర్మము చెడి, వాచి, దుర్వాసన కొట్టినచో అది గిట్టకుళ్ళు. దీనికి పైపూత చాలదు. వైద్యుడు ఇచ్చు సూదిమందు అవసరము. మిక్కిలిగా ధాన్యము తినినను గిట్టలలో బాధ పుట్టును. కావున జొన్నలు, బియ్యము పశువునకు అందకుండ దాచవలెను.

అనేక పశువులు ఒక్కసారిగా కుంటుచు, నోట చొంగ కార్చుచు, నాలుకపైనను గిట్టల చీలికలలోను పొక్కులు కలిగినచో అది గాలికుంటు. వెంటనే జబ్బుపశువులను వేరుపఱచి, వాని మేత, నీరు, సేవకుని సైతము వేరుచేయవలెను. పలుచని పొటాషియం పర్మాంగనేటు నీటితో నోరు, కాళ్ళు కడుగవలెను. పుండ్లలో పురుగులు పడకుండ కాపాడవలెను. మందను సంతకు తోలరాదు. దీనికి ఆఱుమాసముల కొకసారి టీకా వేయుటకు భారతప్రభుత్వము 2019లో జాతీయ కార్యక్రమము ప్రారంభించినది.

బలిసిన పడుచుపశువు వానకాలమున జ్వరముతో హఠాత్తుగా కుంటి, తొడయో జబ్బయో వాచి, అదిమినచో చిటపటమనినచో అది జబ్బవాపు. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును. గంటయైనను జాగుచేయక వైద్యుని పిలువవలెను. చచ్చిన పశువు తోలు ఒలువరాదు. సున్నము చల్లి లోతుగా పూడ్చవలెను. ఈ రోగబీజములు నేలలో ఏండ్లకొలది జీవించును. వానలకు ముందే టీకా వేయించుట దీనికి తగిన రక్షణ.

జ్వరముతో ఒకనాడు ఒక కాలు, మఱునాడు వేఱొక కాలు కుంటినచో అది మూడురోజుల జ్వరము కావచ్చును. దానికి విశ్రాంతి, నీరు, నీడ ముఖ్యము.

చేయరాని పనులు

కుంటు ఎచటనో తెలియకయే జబ్బకు, తుంటికి కాల్చి వాతలు పెట్టుట వలన పశువునకు క్రొత్త పుండు కలుగునేగాని లోపలి ముల్లు బయటికి రాదు. కుంటుపశువును కాడికి కట్టుట పాపమేగాక నష్టము కూడ.

ముందు జాగ్రత్త

కొట్టము నేల పొడిగా నుండవలెను. మందకు కుంటు తఱచుగా కలిగినచో, 100 పాళ్ళ నీటికి 5 పాళ్ళ మైలుతుత్తము కలిపి, కడిగిన గిట్టలు మునుగునట్లు తొట్టిలో నడిపించవచ్చును. ఆ నీరు పశువులు త్రాగరాదు, చెఱువులో పోయరాదు. గొఱ్ఱెలకు అది మిక్కిలి విషము. పెరిగిన గిట్టలు నేర్పరిచేత చెక్కించవలెను. రాతిబాటపై బండి లాగు ఎద్దులకు లాడములు కొట్టించవలెను, అరిగినవి మార్పింపవలెను.

ప్రతి సాయంకాలము కాడి దించిన పిమ్మట నాలుగు గిట్టలు కడిగి చూచుటకు పట్టు కాలము స్వల్పము. ఆ అలవాటున్న రైతు ఎద్దు అదనునకు నిలుచును.