డ్రెయిన్ నీళ్ల పరీక్షలో చేరదాం, మన షరతుల మీద

(రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మురుగునీటి శుద్ధి మీద పనిచేసే శాస్త్రవేత్తల బృందంలో మన సంఘం చేరాలా వద్దా అన్నది ఇవాళ్టి విషయం. చేరాలనే నేనంటాను.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ కాలువ నీటికి లెక్కుంది. లాకు దగ్గర ఎంత వదిలారో, వంతు ఎవరిదో అడిగితే చెబుతారు. చేను దాటి డ్రెయిన్‌లో పడ్డ నీటి సంగతి మన చేతిలో కాగితం మీద లేదు. దాళ్వాలో వంతు అందనప్పుడు శివారు రైతు ఇంజను పెట్టి తోడుకునేది ఆ నీళ్లేనండీ! అందులో ఊరి మురుగుంది, రొయ్యల చెరువుల నీరుంది, పోటుకి ఎగదన్నిన ఉప్పునీరుంది. చేను ఎర్రబడితే వీటిలో ఏది చేసిందో ఎవర్నడగాలి? 2016లో తుందుర్రు చుట్టుపక్కల ఊళ్లు రొయ్యల ఫ్యాక్టరీ మీద తిరగబడింది గొంతేరు డ్రెయిన్ ఏమైపోతుందోననే. సముద్రం దాకా పైపు వేస్తామన్నారు. పైపు నీటిని మోస్తుంది గానీ కడగదు కదా.

ఇలాంటి ఉమ్మడి పరిశోధన మనకి కొత్త కాదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ 2012లో ఐరోపా సంస్థలతో కలిసి 'వాటర్ ఫర్ క్రాప్స్' మొదలుపెట్టింది. రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో ఊరి మురుగుని ఇసుక, గులకరాళ్లు పోసిన గుంటలోకి మళ్లించి, మొక్కల వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా పారించి, సాగుకి వాడుకునేలా చేశారు. జమ్ము లాంటి మొక్కలే. అవి మనకెవరూ చూపించక్కర్లేదు.

అయితే అక్కడిది ఇక్కడ అతికిస్తే సరిపోదు. జమ్ము వేళ్లు మురికిని, నత్రజనిని తగ్గిస్తాయి, ఉప్పుని తియ్యవు. పైగా నాలుగడుగుల లోతున్న ఎకరం చెరువు దించితే దాదాపు 49 లక్షల లీటర్లు. ఒక్క రాత్రిలో అంత నీరొస్తే ఏ గుంట ఆపుతుంది? కోస్తా ఆక్వా నిబంధనలు 5 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకి శుద్ధి ఏర్పాటు ఉండాలన్నాయి. మన దగ్గర రెండెకరాలు, మూడెకరాల చెరువులు ఎన్నున్నాయో మీకు తెలుసు. పది చిన్న చెరువులకి కలిపి ఒక శుద్ధి గుంట పెడితే ఎంత చోటు కావాలి, ఎవరి భూమి పోతుంది, ఎవరు డబ్బివ్వాలి? పరిశోధన జరగాల్సింది ఇక్కడ.

మన అవసరం వాళ్లకీ ఉంది. పగలు పదింటికి వంతెన మీద నుంచి సీసా నింపుకుపోతే ఏం తెలుస్తుంది? రొయ్య పట్టుబడి అయ్యాక నీళ్లు ఎప్పుడు దించుతారో, పోటు ఎంతదాకా ఎక్కుతుందో గట్టు మీద ఉండేవాడికే తెలుసు. అందుకని నమూనా ఎప్పుడు, ఎక్కడ తియ్యాలో మనతో కలిసి నిర్ణయించాలి. ఫలితాలు తెలుగులో, దాళ్వా నాట్లకి ముందే మన చేతికి రావాలి. చేను ఊడ్చాక వచ్చే నివేదిక ఎవరికి కావాలి?

ఇక పేర్ల గొడవ. చెరువుల రైతులూ మన సభ్యులే. ఫలితాలొస్తే కేసులు పెడతారని వాళ్ల భయం. పేర్లు దాస్తే న్యాయం ఎక్కడిదని శివారు రైతుల కోపం. ఇద్దరి మాటా కొట్టిపారెయ్యలేం. నా మట్టుకు నేను మొదటి దాళ్వాకి చెరువుల పేర్లు వద్దంటాను. డ్రెయిన్ పేరు, ఏ వంతెన దగ్గర తీశారన్నది మాత్రం పంచాయతీ బోర్డు మీద రాయాల్సిందే. రెండో ఏడు సంగతి మళ్లీ కూర్చుని తేల్చుకుందాం.

గొంతేరు, యనమదుర్రు గట్ల మీద చేలున్నవాళ్లు భోజనాలకి లేచేలోపు పేర్లివ్వండి. డ్రెయిన్‌కి నలుగురు చాలు. వాళ్లలో ఒకరు చెరువు రైతు, ఒకరు కౌలు రైతు ఉండాలి.