నేను తగుదునా యను సంశయము



నేఁడు నేను ముచ్చటింపఁదలఁచిన విషయము పైకి చిన్నదిగాఁ దోఁచును గాని, మన గ్రామములనుండి ఉన్నతవిద్యకై పట్టణములకుఁ బోయిన పిల్లలలో ననేకులను లోలోపలఁ గృశింపఁజేయుచున్నది. బాగుగాఁ జదివినవాఁడే, పరీక్షలలో నెగ్గినవాఁడే, పరిశోధనకు ఎన్నుకొనఁబడినవాఁడే, “నేను దీనికిఁ దగినవాఁడను కాను, ఏదో పొరపాటున నన్నిచటికి రానిచ్చిరి, నేఁడో రేపో నా గుట్టు బయటపడును” అని భయపడుచుండును. సోమరికి ఈ భయము పట్టదు, శ్రద్ధగలవానినే పట్టుకొనును. అదియే యిందలి విచిత్రము.

అమెరికాలోని అట్లాంటా నగరమున పాలీన్ క్లాన్సు, సుజాన్ ఐమ్సు అను నిరువురు మనస్తత్త్వవేత్తలు 1978వ సంవత్సరమున దీనినిగూర్చి యొక వ్యాసము ప్రకటించిరి. వారు నూటయేఁబదిమందికిఁ బైగా విద్యావతులైన స్త్రీలను పరిశీలించిరి. పట్టములు, పదవులు, తోటివారి మన్నన అన్నియుఁ గలిగియు వారిలో ననేకులు తమ తెలివి నిజమైనది కాదనియు, తాము లోకమును మోసపుచ్చుచున్నామనియుఁ దలంచుచుండిరఁట. పురుషులలోను ఈ భావము కలదని పిమ్మట తేలినది. వారు దీనికి వాడిన ‘ఇంపోస్టర్’ అను మాటకు మన భాషలో వేషధారి యని చెప్పుకొనవచ్చును.

వేషములకుఁ బేరుపడిన చోటు హైదరాబాదు నగరమున జూబిలీహిల్సు, ఫిలింనగరము. అచటి నటుఁడు ఉదయమున రాజవేషము ధరించి, సాయంకాలము రంగు కడిగికొని యింటికిఁ బోవును. తాను రాజును కానని యాతఁ డెఱుఁగును. కాఁబట్టి యాతనికి బాధ లేదు. ఆ జూబిలీహిల్సుననే డాక్టరు బి.ఆర్. అంబేడ్కరు సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. చదువరులలోఁ గొందఱి స్థితి నటుని స్థితికి విపరీతము. వారు తమ నిజరూపమునే వేషమని భ్రమించి, అది యెపుడు జాఱిపోవునో యని వడఁకుచుందురు.

ఈ విశ్వవిద్యాలయపు పుట్టుక మన విషయమునకు మిక్కిలి సన్నిహితము. ఇది 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయ మను పేర వెలసినది. భారతదేశమున నిట్టివానిలో నిదియే మొదటిది. ఆచార్య జి. రామరెడ్డిగారు తొలి యుపాధ్యక్షులు. 1991లో దీనికి అంబేడ్కరుగారి నామధేయ మొసఁగఁబడెను. పొలముపనివలననో, సంసారభారమువలననో కళాశాల గడప త్రొక్కలేకపోయినవారికి విద్య నందించుట దీని యుద్దేశము. పూర్వపు సర్టిఫికెట్టు లేనివారు సయితము అర్హతపరీక్ష నెగ్గి పట్టపుఁజదువులోఁ జేరుటకు ఆరంభకాలమున వీలు కల్పింపఁబడెను. పాఠములు అచ్చుపుస్తకములుగా ఇంటికి వచ్చెను. ఆకాశవాణిద్వారా చెవికిని సోఁకెను. అట్లు చదివి పైకి వచ్చినవారిలోఁ గొందఱు, “మేము దొడ్డిదారిని వచ్చినవారము” అని తమలోఁ దాము క్రుంగుదురు. పగలెల్లఁ బనిచేసి రాత్రి దీపమువద్దఁ జదివి నెగ్గిన పరీక్ష దొడ్డిదారి యెట్లగును? ద్వారము వేఱు గాని యిల్లొక్కటియే.

నాయొద్దఁ దెలుఁగు వ్యాకరణము చదివిన యమ్మాయి యొకతె ఫిలింనగరపు బస్తీలోఁ బెరిగినది. తండ్రి వడ్రంగి, చలనచిత్రములకు రంగస్థలములు నిర్మించి జీవించువాఁడు. ఆమె యిట్లే దూరవిద్యలోఁ బట్టము పొంది, పిదప వేఱొకచోట పరిశోధనకుఁ జేరి, వడ్రంగుల వృత్తిపదములను దన విషయముగాఁ గైకొనెను. రెండేండ్లు చక్కఁగా సాగినది. మూఁడవయేఁట కలము కదలలేదు. ఒకనాఁడు వచ్చి, “పంతులుగారూ, మా యింట అందఱు నాడుకొను మాటలనే కాగితముమీఁదఁ బెట్టి పాండిత్య మనుచున్నాను. పెద్దలు నన్ను మెచ్చుట వారి దయ. ఇది చదువే కాదు, మానివేయుదును” అనెను.

నే నామెకు మాండలిక వృత్తిపదకోశము మాట చెప్పితిని. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులుగా దాని తొలిసంపుటము 1962లో వెలువడెను, అది వ్యవసాయపదములకోశము. ఆ పదములు రైతుల నోటినుండి సేకరింపఁబడినవి. అచట పండితుఁడు శిష్యుఁడు, కాఁపు గురువు. “తల్లీ, నీ తండ్రి పనిముట్లనుగూర్చి నాకుఁ జెప్పుము” అంటిని. ఉలికిని బాడిసకును గల భేదము, చిత్రికపట్టునపుడు కొయ్యనార యెటు పోవుచున్నదో చూడవలసిన తీరు, ఒకే పనికి రెండు జిల్లాలలో రెండు మాటలు వచ్చిన కారణము, ఇవన్నియు గడియసేపు పుస్తకము చూడకుండఁ జెప్పెను. “ఇప్పుడు చెప్పినది వ్రాయుము” అంటిని. ఆమె వ్రాసెను, గ్రంథము పూర్తియయ్యెను, పట్టము వచ్చెను. భయము మాత్రము నేఁటికిని పూర్తిగాఁ బోలేదని యామెయే చెప్పును. అయినను అది పనిని ఆపలేకపోయినది. నాకదియే చాలును.

ఈ సంశయమునకు హేతువు లేమి? మొదటిది, ఊరిలో మొదటివాఁడై వెలిఁగిన బాలుఁడు, ప్రతివాఁడును దన యూర మొదటివాఁడే యైన చోటికిఁ బోవును. తన లోపములు తనకు లోపలినుండి కనఁబడును. ఒరుల గుణములు పైనుండి కనఁబడును. ఇట్టి తూనిక యెన్నఁడును సమముగా నుండదు. రెండవది, జ్ఞానము పెరిగినకొలఁది తెలియనిది యెంతయో తెలియవచ్చును. భర్తృహరి చెప్పి ఏనుఁగు లక్ష్మణకవి తెనిఁగించిన సుభాషితములలో ఈ యవస్థ యున్నదని మీ రెఱుఁగుదురు. అది వివేకమునకు లక్షణమే కాని మోసమునకుఁ గాదు.

మూఁడవది మిక్కిలి ముఖ్యము. పూర్వము మేము అమరకోశము వల్లెవేయునపుడు ప్రతిదినమును గురువునకుఁ బాఠ మొప్పగించెడివారము. తప్పైన వెంటనే దిద్దెను. ఒప్పైన తల యూఁపెను. ఆ తలయూఁపే శిష్యునకు దినదినము ధైర్యము. పరిశోధన యట్టిది కాదు. అది యెవరికిని ఇంకను దెలియనిదానిని వెదకుట. గురువునకు సయితము సమాధానము తెలియదు. తల యూఁపువాఁడు లేక సంవత్సరములు గడచును. ఇట్టిచోట సంశయము పుట్టుట ఆ పని స్వభావము. విద్యార్థి దోషము కాదు.

కొందఱు పెద్దలు ధైర్యము చెప్పుటకు మహనీయుల చరిత్రములు వినిపింతురు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో రెండుమాఱులు తప్పి మూఁడవమాఱు నెగ్గిరి. మద్రాసు వైద్యకళాశాలలో వారికిఁ దక్కువతరగతి పట్టమే దక్కెను. అట్టివారే అమెరికాకుఁ బోయి, ఫిస్కె అను పండితునితోఁ గూడి శరీరమునందలి భాస్వరమును గొలుచు పద్ధతిని 1925లోఁ బ్రకటించిరి. పరీక్ష తప్పుట అయోగ్యత కాదనుట కిది నిదర్శనమే. కాని భయపడు బాలుఁడు, “ఆయన మహామేధావి, నేను కాను” అని యింకను దిగులుపడవచ్చును. వానికిఁ గావలసినది ఒరుని కథ కాదు, తన కథ.

ఇంకొకటి మఱవరాదు. అన్ని వేళల ఈ సంశయము మనస్సులోనే పుట్టదు. పల్లెటూరి యాస విని నవ్వువారును, కులమునుబట్టి చూపు మార్చువారును, ఇంగ్లీషు తడఁబడినచోఁ దెలివి లేదని తేల్చువారును గలరు. అట్టిచోట “నీ భయము భ్రమ” అని బాలునికిఁ జెప్పుట అన్యాయము. దిద్దుకొనవలసినది ఆ సంస్థ. మనము బాలుని పక్షమున నిలువవలెను. భయము మితిమీఱి నిద్రాహారములు తప్పినచో ఆలస్యము చేయక వైద్యునికిఁ జూపవలెను. అందు సిగ్గుపడవలసినది లేదు.

ఇఁక పెద్దలమైన మన కర్తవ్య మేమి? కిష్కింధాకాండము చివర సముద్రతీరమున వానరవీరులు తమతమ దాఁటు ఎన్ని యోజనములో చెప్పుకొనుచుండఁగా హనుమంతుఁడు ఒకచోట మౌనముగాఁ గూర్చుండెను. జాంబవంతుఁడు వృద్ధుఁడు, యౌవనమున త్రివిక్రమునకుఁ బ్రదక్షిణము చేసినవాఁడే కాని యిపుడు తాను దాఁటలేఁడు. ఆయన చేసిన దేమి?   నీ జన్మ మిట్టిది, బాల్యమున నీవు చేసిన పని యిది, ఇపుడు చేయవలసిన పని యిది, అని ఉన్నదున్నట్లు జ్ఞాపకము చేసెను. సాక్ష్యము చెప్పెను. అంతియే.

మనమును అట్లే చేయుదము గాక. “మావాఁడు చదువులో సింహము” అను మాట బాలునికి బరువే యగును; అది నిజము కానినాఁడు ఏమగునో యని యింకను భయపడును. “ఎప్పుడు ముగియును? ఎదురింటివాఁడు ఉద్యోగములోఁ జేరెను” అను ప్రశ్న గాయమగును. దానికి మాఱుగా, “ఈ నెలలో నీవేమి చదివితివి? మాకుఁ దెలుఁగులో చెప్పుము” అని యడుగుఁడు. అర్థము కానిచోట మరల నడుగుఁడు. చెప్పుచుండఁగా తనకెంత తెలియునో వానికే తెలియును. రైతు పద్దుపుస్తకమున వచ్చినదియుఁ బోయినదియు వ్రాసికొనునట్లు, తాను చేసిన పనిని వారమువారము తేదీతో వ్రాసికొనుమనుఁడు. సంశయము కలిగిననాఁడు ఆ పుస్తకమే వానికి జాంబవంతుఁడు.

ఈ సెలవులకు మీ మనుమఁడో మనుమరాలో పట్టణమునుండి వచ్చి, అడిగినను బదులు చెప్పక మూలఁ గూర్చున్నచో, చదువు చెడినదని కసరకుఁడు. దగ్గఱఁ గూర్చుండి వినుఁడు. దాఁటవలసినది వారే గాని, జ్ఞాపకము చేయవలసినవారము మనము.