డీబీ మీద రాసింది కాదు, మీటర్ చూపించిందే నమ్మండి

శుక్రవారం మీటింగులో ఎలక్ట్రీషియన్లకు, హెల్పర్లకు చెప్పిన మాటలివి. డ్యూటీ ఉండి రాలేకపోయినవాళ్ల కోసం గ్రూపులో పెడుతున్నాం.

మెయింటెనెన్స్ పనిలో మనకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఈ పాయింటుకు కరెంటు ఏ ఎంసీబీ నుంచి వస్తోంది? డీబీ తలుపు వెనక చార్టు ఉంటుంది, ఆర్1, వై1, బి1 అని రాసి ఉంటుంది. కానీ దోహాలో పాత విల్లాలు చూడండి. ఒక హాలును అడ్డం కట్టి మూడు రూములు చేస్తారు, కొత్త ఏసీ పెడతారు, దగ్గరున్న వైరుకు కలుపుతారు. చార్టు మాత్రం పాతదే ఉంటుంది. అందుకే చార్టు దారి చూపడానికే, చెయ్యి పెట్టడానికి కాదు.

ఇక్కడ సింగిల్ ఫేజ్ 240 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 415. పొరపాటుకు రెండో అవకాశం ఉండదు. 30 మిల్లీయాంపుల ఈఎల్‌సీబీ ఉంది కదా అని ధీమా వద్దు. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద పడితే దానికి మీరు కూడా ఒక బల్బు లాంటివాళ్లే, అది పడిపోదు.

సర్క్యూటు పట్టుకునే పద్ధతులు:

1. ఇద్దరు మనుషుల పద్ధతి. ఒకరు డీబీ దగ్గర, ఒకరు పాయింటు దగ్గర. సాకెట్లో ల్యాంపు పెట్టి, ఒక్కో ఎంసీబీ ఆపుతూ ఫోన్లో మాట్లాడుకోవడం. అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. కానీ ఆపేముందు అడగాలి. ఆ లైను మీద ఫ్రీజరు ఉండొచ్చు, లిఫ్టు ఉండొచ్చు, ఫైర్ అలారం ఉండొచ్చు.

2. ట్రేసర్ పద్ధతి. ఒక ముక్క సాకెట్లో పెడతాం, అది వైరులోకి సిగ్నల్ పంపుతుంది. రెండో ముక్కను ఎంసీబీల మీద తిప్పితే కూత వస్తుంది. పక్కపక్కన వైర్లు కట్టగట్టి ఉంటే సిగ్నల్ పక్కదానికీ పాకుతుంది. కాబట్టి రెండుసార్లు తిప్పండి, ఎక్కువ బలంగా కూసినదాన్ని పట్టుకోండి. ఆ తర్వాత దాన్ని ఆపి, పాయింటు దగ్గర చూసుకోవాల్సిందే.

3. క్లాంప్ మీటర్ పద్ధతి. ఏదీ ఆపడానికి వీల్లేనప్పుడు ఇది పనికొస్తుంది. పాయింటు దగ్గర హీటరో, ఇస్త్రీ పెట్టెో పెట్టి ఆన్, ఆఫ్ చేయిస్తుంటే, ఏ వైరు మీద యాంపులు ఎక్కి దిగుతున్నాయో అదే మన లైను. క్లాంపులో ఒక్క వైరే ఉండాలి. ఫేజూ న్యూట్రలూ కలిపి పట్టుకుంటే ఒకదానికొకటి కొట్టేసుకుని సున్నా చూపిస్తుంది. ఇది కవరు తీసి, కరెంటు ఉండగా చేసే పని. అనుమతి, గ్లౌజులు ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి, హెల్పర్ కాదు.

కొందరు వైర్లు రెండూ ముట్టించి ఏ ఎంసీబీ పడిపోతుందో చూస్తారు. ఇది పద్ధతి కాదు. మెరుపు ముఖానికి కొడుతుంది, కళ్లు పోతాయి.

రంగుల సంగతి. ఇక్కడ మనం ఎక్కువగా చూసేవి ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. మన దేశంలోనూ ఇదే అలవాటు. కానీ బ్రిటన్‌లో 2004 నుంచి కొత్త రంగులు వచ్చాయి: బ్రౌన్, నలుపు, బూడిద రంగు ఫేజులు, నీలం న్యూట్రల్. బయటినుంచి వచ్చిన మిషన్లలో నల్ల వైరు ఫేజు కావచ్చు. రంగు చూసి న్యూట్రల్ అనుకోవద్దు.

న్యూట్రల్ గురించి ఇంకో మాట. పక్క సర్క్యూటు న్యూట్రల్‌ను అరువు తెచ్చుకుని కలిపేసి ఉంటారు. మీరు మీ ఎంసీబీ ఆపినా, పక్క సర్క్యూటు ఆ న్యూట్రల్ మీద నడుస్తూనే ఉంటుంది. దాన్ని విప్పారంటే విప్పిన కొసకు కరెంటు వచ్చేస్తుంది. విప్పేముందు న్యూట్రల్‌కు కూడా క్లాంపు పెట్టి యాంపులు లేవని చూసుకోండి.

లైను దొరికింది, ఆపారు. అప్పుడే స్క్రూ డ్రైవర్ ఎత్తవద్దు. ఈ వరసలో చేయండి:
– ఎంసీబీకి లాక్ వేసి, ట్యాగ్ కట్టి, తాళం మీ జేబులోనే పెట్టుకోండి.
– మీ మీటర్‌ను ముందు కరెంటు ఉన్నచోట చూసుకోండి.
– పాయింటు దగ్గర ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ చూడండి.
– మళ్లీ కరెంటు ఉన్నచోట మీటర్ పెట్టి, అది పనిచేస్తోందని రూఢి చేసుకోండి. మధ్యలో మీటరే చచ్చిపోయి ఉంటే, సున్నా చూపించింది అబద్ధం.

జేబులో పెట్టుకునే స్క్రూ డ్రైవర్ టెస్టర్‌ను నమ్మవద్దు. ఎండలో దాని వెలుగు కనబడదు. ఇంకొకటి, మెయిన్ ఆపినా మెయిన్‌కు వచ్చే కేబుల్‌లో కరెంటు ఉంటుంది. దాని జోలికి వెళ్లవద్దు.

పని అయ్యాక చార్టు దిద్దండి: రూము నంబరు, తేదీ. ఇంగ్లీషులో రాయండి. రేపు ఆ తలుపు తెరిచేది నేపాలీ తమ్ముడో, ఈజిప్టు అన్నో కావచ్చు. మీ రాత మీద వాళ్ల ప్రాణం ఉంటుంది.

"లాక్ ఎందుకు, రెండు నిమిషాల పని" అని ఫోర్‌మెన్ తొందరపెడితే గొడవ పడవద్దు. మెల్లగా "పహలే లాక్, ఫిర్ కామ్" అనండి. ఖతార్ కార్మిక చట్టం, 2004 నాటి 14వ నంబరు చట్టం, కార్మికుడి రక్షణ ఏర్పాట్లు కంపెనీ బాధ్యత అంటుంది, వాటికి జీతంలో కోయకూడదనీ అంటుంది. లాక్, గ్లౌజు అడగడం దయ కోసం అడగడం కాదు.

ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి, తర్వాత 999కి ఫోన్ చేయండి.

మీ రూములో కొత్తగా వచ్చిన హెల్పర్ తమ్ముడు ఉంటే ఇది చదివి వినిపించండి. అనుమానం ఉంటే డీబీ ఫొటో గ్రూపులో పెట్టండి, మనవాళ్లలో తెలిసినవాళ్లు చెప్తారు. కానీ ఫొటో చూసి చెప్పిన మాట కూడా చార్టు లాంటిదే. చెయ్యి పెట్టేముందు మీటర్ పెట్టండి.