బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత ఏం జరుగుతుంది? మరీ ఎక్కువ బరువు లేనివారి కోసం
(ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల అవగాహన సదస్సు – ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను, సమాచార శాఖ ఉద్యోగిని. డాక్టర్లు చెప్పే విషయాలను మనందరికీ అర్థమయ్యే మాటల్లో మీకు చేర్చడం నా పని.

"నూట ఇరవై కిలోలున్న వాళ్లకు చేసే ఆపరేషన్ ఎనభై కిలోలున్న నాకెందుకు?" అని కొందరికి అనుమానం. మనవాళ్లకు కొవ్వు పొట్ట దగ్గర ఎక్కువగా పేరుకుంటుంది, తక్కువ బరువుకే షుగర్ వస్తుంది. అందుకే 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియా దేశాల వారికి బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్‌ను పరిశీలించవచ్చన్నాయి. బీఎంఐ అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క. అయిదడుగుల మూడంగుళాల మనిషి 82 కిలోలుంటే అది దాదాపు 32.

కిలోలు పోల్చుకోవద్దు

సుమారుగా ఉన్న బరువులో నాలుగో వంతు తగ్గారనుకుందాం. 120 కిలోల మనిషి 30 కిలోలు తగ్గితే, 82 కిలోల మనిషి 20 కిలోలే తగ్గుతారు. వంతు ఒకటే, కిలోలు వేరు. కొందరు ఇంకా తక్కువే తగ్గుతారు. మొదటి ఆరు నెలల్లో వేగంగా తగ్గి, తర్వాత నెమ్మదిస్తుంది. ఏడాది, ఏడాదిన్నరకు బరువు ఒకచోట నిలుస్తుంది. "పక్కింటామె అంత తగ్గింది, నేను తగ్గలేదు" అని తిండి మానేస్తే కండ కరిగి నీరసం వస్తుంది.

మీరు చూడాల్సింది షుగర్, బీపీ, నడుము కొలత, మెట్లెక్కితే వచ్చే ఆయాసం. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష చేయించుకోండి.

షుగర్ మందుల దగ్గర జాగ్రత్త

బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ పడిపోవచ్చు. పాత మోతాదులోనే ఇన్సులిన్, మాత్రలు వాడితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం రావచ్చు. అలా అయితే వెంటనే గ్లూకోజ్ నీళ్లు కొద్దికొద్దిగా తాగి, షుగర్ చూసుకొని, డాక్టరుకు ఫోన్ చేయండి. అలాగని మందులు సొంతంగా మానేయొద్దు. మోతాదు డాక్టరే మార్చాలి. బీపీ మాత్రలకూ ఇదే మాట.

షుగర్ వచ్చి చాలా ఏళ్లయినవారికి, ఇన్సులిన్ మీద ఉన్నవారికి మందులు పూర్తిగా ఆగే అవకాశం తక్కువ. ఆగినవారికీ మళ్లీ రావచ్చు. అందుకే పరీక్షలు ఆపకూడదు.

తిండి, మాత్రలు

మొదట పలచని ద్రవాలు, తర్వాత మెత్తగా మెదిపినవి, ఆ తర్వాతే మామూలు తిండి. ఎన్ని వారాలన్నది మీ డాక్టరు చెప్పినట్టే. నీళ్లు గుక్కగుక్కగా రోజంతా తాగాలి. తినేటప్పుడు తాగొద్దు, అరగంట ఆగాలి. పళ్లెంలో మొదట గుడ్డు, పప్పు, పెరుగు, చేప, చికెన్ తినండి. అన్నం చివర. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. బెల్లం, స్వీట్లు, జ్యూస్ తీసుకుంటే కొందరికి, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, గుండెదడ, చెమటలు, విరేచనాలు వస్తాయి. మందు, కల్లు త్వరగా తలకెక్కుతాయి. బీడీ, సిగరెట్ అసలు వద్దు.

బీ12, ఐరన్, కాల్షియం, డీ విటమిన్ మాత్రలు జీవితాంతం వాడాలి. "బాగానే ఉన్నాను కదా" అని మానేస్తే లోపం నెమ్మదిగా బయటపడుతుంది. మూడో నెల తర్వాత జుట్టు రాలితే కంగారుపడకండి, చాలామందికి మళ్లీ వస్తుంది. ఒళ్లు నొప్పులకు దుకాణంలో మాత్రలు కొని వేసుకోవద్దు. కొన్ని మాత్రల వల్ల కడుపులో పుండ్లు పడతాయి.

అక్కలకు ఒక మాట: బరువు తగ్గితే గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది. కానీ ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం వద్దంటారు డాక్టర్లు. గర్భనిరోధక మాత్రలు మీకు సరిపోతాయో లేదో అడిగే వాడండి.

ఆలస్యం చేయకూడని గుర్తులు

జ్వరం, తగ్గని కడుపునొప్పి, గుండె వేగం, ఆయాసం, పిక్క వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆగని వాంతులు, కాళ్ల తిమ్మిరి, ఒకటి రెండుగా కనిపించడం కూడా అత్యవసరమే. తెల్లారే దాకా చూద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేయండి.

పథకం గురించి

2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. పరిమితి పెరిగిందంటే ప్రతి చికిత్సా అందులో ఉందని కాదు. మీ ఆపరేషన్ జాబితాలో ఉందా, తర్వాతి పరీక్షలు, మాత్రలు ఎంతవరకు ఉచితం అన్నది చేరకముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. డిశ్చార్జి కాగితం, పరీక్షల రిపోర్టులు ఒక సంచిలో దాచి, ప్రతిసారీ తీసుకెళ్లండి.

మీ పక్కన ఎవరు ఎన్ని కిలోలు తగ్గారో వదిలేయండి. మీ షుగర్ ఎంతో, మీ తర్వాతి పరీక్ష ఎప్పుడో గుర్తుంచుకోండి. ఈ కాగితం ఇంట్లో వంట చేసేవారికీ పంపండి.